గోదాము మనదైతే చాలదు, పేరూ మనదే కావాలి

2015 ఆగస్టు చివర్లో పాటీదార్ రిజర్వేషన్ ఉద్యమం అల్లర్లకు దారితీసినప్పుడు గుజరాత్‌లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. అలా నెట్ ఆగిన ఊళ్లలో సూరత్ ఒకటి. రెండేళ్లు తిరక్కుండానే, 2017 జూలై 1న, జీఎస్టీ వచ్చింది. 2018లో ఈ-వే బిల్లు వచ్చింది. సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్ నుంచి పెద్ద విలువ చేసే చీరల పార్సిల్ విజయవాడకో సికింద్రాబాద్‌కో బయల్దేరాలంటే ఇప్పుడు ముందు కంప్యూటర్‌లో బిల్లు పుట్టాలి. రేపు మళ్లీ నెట్ ఆగితే ప్రభుత్వ పోర్టల్‌తో పడే పని ఎలాగూ ఆగుతుంది, దానికి మనం చేయగలిగింది లేదు. కానీ గోదాములో ఎన్ని తాన్లున్నాయో చెప్పే లెక్క, ఏ మరమగ్గం మీద ఎంత నేత పడిందో చూపే పట్టిక, ఆసుపత్రిలో రోగి పాత చీటీలు, ఇవన్నీ మన భవనంలోని సర్వర్ మీదే, మన తీగల మీదే నడుస్తున్నప్పుడు అవెందుకు ఆగాలి? చాలాచోట్ల అవీ ఆగే ప్రమాదం ఉంది. సాఫ్ట్‌వేర్ మన గదిలో నడుస్తున్నా, అది లేచి నిలబడటానికి కావలసిన సామాను మాత్రం ప్రతిసారీ సముద్రాల అవతలి నుంచి రప్పించుకునేలా దాన్ని అమర్చి ఉంటారు. ఈ సంగతి యజమానికి చాలాసార్లు తెలియనే తెలియదు.

ఆ సామాను పేరు కంటెయినర్ ఇమేజ్. 2013లో డాకర్ అనే పరికరం బయటికొచ్చాక సాఫ్ట్‌వేర్ కట్టే పద్ధతే మారిపోయింది. అంతకుముందు ఒక ప్రోగ్రామును కొత్త యంత్రంలో పెట్టాలంటే దానికి కావలసిన లైబ్రరీలు, సెట్టింగులు ఒక్కొక్కటీ అక్కడ అమర్చాల్సి వచ్చేది. ఇప్పుడు అవన్నీ కలిపి ఒకే ఇమేజ్‌గా కడతారు. సూరత్ వ్యాపారికి దీన్ని అర్థం చేయించడం తేలిక. సరుకంతా లోపల పెట్టి కుట్టి, పైన మార్కా వేసిన పార్సిల్ లాంటిది ఇమేజ్. పార్సిల్ విప్పి నడిపినప్పుడు అది కంటెయినర్ అవుతుంది. ఆ పార్సిళ్లు పేర్చి ఉంచే గోదాము రిజిస్ట్రీ. అందులోంచి ఒకటి తెచ్చుకోవడాన్ని పుల్ చేయడం అంటారు. 2014లో గూగుల్ బయటపెట్టిన కుబెర్నెటీస్ వంటి వ్యవస్థలు ఈ పుల్ పనిని మనిషి ప్రమేయం లేకుండా, అర్ధరాత్రయినా, తమంతట తామే చేస్తాయి.

ఇక్కడే అసలు మెలిక ఉంది. ఇమేజ్ పేరుకు ముందు రిజిస్ట్రీ చిరునామా రాయాలి. రాయకపోతే డాకర్ ఊరుకోదు, తనంతట తానే డాకర్ కంపెనీ నడిపే డాకర్ హబ్ అనే రిజిస్ట్రీ చిరునామా తగిలిస్తుంది. ఎవరైనా ఒక వెబ్ సర్వర్ ఇమేజ్ కోసం 'ఎన్‌జిన్‌ఎక్స్' అని ఒక్క మాట రాస్తే, డాకర్ దాన్ని డాకర్ హబ్‌లోని ఎన్‌జిన్‌ఎక్స్‌గా చదువుకుంటుంది. రాసినవారి కంటికి చిరునామా కనపడదు కాబట్టి తాము ఎవరి మీద ఆధారపడ్డారో వారికి గుర్తుండదు. మునుపు తెచ్చిన ఇమేజ్ ఆ యంత్రంలో మిగిలి ఉంటే మళ్లీ తేనక్కర్లేదన్నది నిజమే. కానీ పాత సర్వర్ చెడి కొత్తది పెట్టినా, డిస్కు నిండి పాత ఇమేజ్‌లు తుడిచిపెట్టుకుపోయినా, ఇమేజ్‌కు 'లేటెస్ట్' అని గుర్తు తగిలించినా కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆ 'లేటెస్ట్' గుర్తు ఉంటే కుబెర్నెటీస్ మామూలుగా ప్రతిసారీ రిజిస్ట్రీని అడిగాకే కంటెయినర్‌ను లేపుతుంది. అవతల జవాబు లేకపోతే లేపదు.

ఇదంతా లేనిపోని భయమని కొట్టిపారేయడానికి లేదు. 2020 నవంబరులో డాకర్ హబ్ పరిమితులు పెట్టింది. ఖాతా లేకుండా తెచ్చుకునేవారికి ఆరు గంటల్లో 100 పుల్‌లు, ఉచిత ఖాతా ఉన్నవారికి 200. ఖాతా లేనివారి లెక్క ఐపీ చిరునామా ప్రకారం కడతారు. ఒక ఆఫీసులోని యంత్రాలన్నీ బయటికి ఒకే ఐపీతో కనిపిస్తాయి కాబట్టి ఎవరో ఒక కుర్రవాడు పరీక్షల కోసం పొద్దున్నంతా ఇమేజ్‌లు తెచ్చుకుంటే మధ్యాహ్నం బిల్లింగ్ సర్వర్‌కు కోటా మిగలకపోవచ్చు. 2023లో కుబెర్నెటీస్ ప్రాజెక్టే తన ఇమేజ్‌ల పాత చిరునామాను ఏప్రిల్ 3 నుంచి స్తంభింపజేసి కొత్త చిరునామాకు మారింది. పాతదాన్ని ఫైళ్లలో నేరుగా రాసుకున్నవాళ్లందరికీ వాటిని వెతికి మార్చుకోమని చెప్పాల్సి వచ్చింది. 2024 మే చివర్లో డాకర్ హబ్ రష్యా నుంచి వచ్చే అభ్యర్థనలను అడ్డుకుంది. రష్యా గొడవ మనకెందుకు అనుకునే వీలు లేకుండా 2025 జూలైలో గుజరాత్‌లోనే అలాంటిది జరిగింది. వాడినార్‌లో పెద్ద రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీ మీద యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టాక మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీకి సేవలు ఆపింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, కొద్దిరోజుల్లో సేవలు తిరిగి వచ్చాయి. అది ఈమెయిల్ వంటి సేవల వ్యవహారమే, ఇమేజ్‌ల గొడవ కాదు. అయినా డబ్బు కట్టి వాడుకుంటున్న సేవ కూడా మరో ఖండంలో తీసుకున్న నిర్ణయంతో ఆగిపోగలదని గుజరాత్ పరిశ్రమకు అది కళ్లకు కట్టినట్టు చూపింది.

అందుకే సొంత రిజిస్ట్రీ పెట్టుకోవాలి. దీనికి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. వీఎమ్‌వేర్ 2016లో ఓపెన్ సోర్స్ చేసిన హార్బర్ ఉంది, అంతకంటే చిన్నది కావాలంటే డాకర్ వారి మూల రిజిస్ట్రీ ఉంది. ఇంతవరకు చాలామంది ఒప్పుకుంటారు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది దీని తర్వాతి మెట్టు. రిజిస్ట్రీ పెట్టినవాళ్లలో ఎంతోమంది దాని ఐపీ అంకెలనే, 192.168తో మొదలయ్యేవో 10తో మొదలయ్యేవో, ప్రతి ఫైలులోనూ రాసేస్తారు. అంటే గోదామును సొంతం చేసుకుని, దాని చిరునామాను మాత్రం ఒక యంత్రానికి కట్టేశారన్నమాట. ఆ యంత్రం మారిన రోజున వందల ఫైళ్లు తిరగరాయాలి. కొందరు ప్రతి సర్వర్‌లోని హోస్ట్స్ ఫైలులో పేరు, అంకె జతచేసి పెడతారు. ఇంటర్నెట్ తొలినాళ్లలో ప్రపంచమంతా చేసింది ఇదే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఒకే ఒక హోస్ట్స్ ఫైలు నిర్వహించేవారు, అందరూ దాన్ని తెచ్చుకుని వాడుకునేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ అది మోయలేని భారమైంది. దాన్ని తప్పించడానికే పాల్ మొకపెట్రిస్ 1983లో, పేరు అడిగితే అంకె చెప్పే డీఎన్ఎస్‌ను రూపొందించారు. నలభై ఏళ్ల కిందట ప్రపంచం వదిలేసిన పద్ధతిని మన సర్వర్ గదిలో మళ్లీ మొదలుపెట్టడానికి సరైన కారణం ఒక్కటీ లేదు.

ఇంటర్నల్ డీఎన్ఎస్ అంటే మన నెట్‌వర్క్ లోపలివాళ్లకు మాత్రమే జవాబు చెప్పే పేర్ల పుస్తకం. రిజిస్ట్రీ ఫలానా పేరుతో ఉంది, ఇవాళ దాని అంకె ఇది, అని ఆ ఒక్కచోట రాస్తే చాలు. యంత్రం మారితే ఆ ఒక్క వరుస మారుస్తాం, ఫైళ్లు ముట్టుకోనక్కర్లేదు. ఒక సర్వర్ కొత్తగా లేచి ఇమేజ్ తెచ్చుకునే క్రమాన్ని దగ్గరనుంచి చూస్తే ఈ పేరుకున్న బలం తెలుస్తుంది. సర్వర్‌లో కంటెయినర్లను నడిపే రన్‌టైమ్ ముందు ఇమేజ్ పేరులోని మొదటి ముక్క చదువుతుంది. మామూలుగా అందులో చుక్కో కోలనో ఉంటేనే దాన్ని రిజిస్ట్రీ చిరునామాగా గుర్తిస్తుంది. తర్వాత డీఎన్ఎస్‌ను అడిగి అంకె తెలుసుకుంటుంది, ఆ అంకెకు వెళ్లి తలుపు తడుతుంది. అవతలి యంత్రం సర్టిఫికెట్ చూపిస్తుంది. సర్టిఫికెట్ మీదున్న పేరు, తాను అడిగిన పేరు ఒకటేనా అని రన్‌టైమ్ సరిచూస్తుంది. తర్వాత నువ్వెవరో రుజువు చూపమని రిజిస్ట్రీ రన్‌టైమ్‌ను అడుగుతుంది, టోకెన్ ఇస్తుంది. అప్పుడు ఇమేజ్‌లోని పొరల జాబితా వస్తుంది, దాని ప్రకారం ఒక్కో పొర దిగుతుంది, ప్రతి పొరకూ ఉన్న గుర్తింపు సంఖ్యను మళ్లీ లెక్కకట్టి సరిపోల్చుకున్నాకే లోపలికి తీసుకుంటుంది. ఇంత పకడ్బందీ క్రమం మొత్తం ఒక పేరు మీద నిలబడింది. అంకె రాస్తే ఎక్కువసార్లు దెబ్బతినేది సర్టిఫికెట్ దగ్గరే. అప్పుడు పని గడవడానికి 'ఇన్‌సెక్యూర్ రిజిస్ట్రీ' అని సెట్టింగు పెట్టి ఆ తనిఖీనే తీసేస్తారు. తాళం సరిగా పడటం లేదని తలుపే ఊడదీయడం తెలివైన పని కాదు.

చుక్క సంగతి మరోసారి చెప్పాలి, ఎందుకంటే అందులో నిజమైన ప్రమాదం ఉంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో పొట్టి పేర్లు పనిచేస్తాయి. బ్రౌజర్‌లో 'రిజిస్ట్రీ' అని ఒక్క మాట కొడితే లోపలి యంత్రం తెరుచుకుంటుంది. అదే మాటను ఇమేజ్ ముందు రాస్తే డాకర్‌కు అందులో చుక్క కనపడదు, దాన్ని డాకర్ హబ్‌లో ఎవరిదో ఖాతా పేరనుకుంటుంది. ఆ పేరుతో ఖాతా ఎవరి చేతిలో ఉందో, అందులో ఏం పెట్టారో మనకేం తెలుసు? లోపలి సరుకు అనుకుని బయటివాడి సరుకు తెచ్చి నడపడం అంటే ఇదే. కాబట్టి పేరు ఎప్పుడూ పూర్తిగా, చుక్కలతో సహా రాయాలి.

కుబెర్నెటీస్ వాడేవాళ్లు తరచూ పడే గోతి ఇంకొకటి ఉంది. కుబెర్నెటీస్‌కు తనదైన లోపలి డీఎన్ఎస్ ఉంటుంది, అది నడుస్తున్న కంటెయినర్లకు పేర్లు చెబుతుంది. రిజిస్ట్రీని కుబెర్నెటీస్ నడిపే సర్వర్ల గుంపులోనే, అంటే క్లస్టర్‌లోనే పెట్టి, ఆ క్లస్టర్ ఇచ్చిన పేరుతో ఇమేజ్‌లు రాస్తే కంటెయినర్ లోపలినుంచి పరీక్షించినప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. తీరా పుల్ దగ్గరికొస్తే 'నో సచ్ హోస్ట్' అని, ఆపైన 'ఇమేజ్‌పుల్‌బ్యాక్ఆఫ్' అని తెరమీద పడుతుంది. కారణం చిన్నది. ఇమేజ్ తెచ్చేది కంటెయినర్ కాదు, దాన్ని మోస్తున్న సర్వర్. ఆ సర్వర్ అడిగేది తన సెట్టింగుల్లో ఉన్న డీఎన్ఎస్‌ను, క్లస్టర్ డీఎన్ఎస్‌ను కాదు. పేరు ఉంది, అడగాల్సినవాడికి తెలియదు. అలాగే రిజిస్ట్రీ పేరు చెప్పే డీఎన్ఎస్ సర్వర్‌నే ఒక కంటెయినర్‌గా నడుపుతూ, దాని ఇమేజ్‌ను అదే రిజిస్ట్రీలో పెట్టేవాళ్లూ ఉంటారు. కరెంటు పోయి అన్నీ ఒకేసారి లేవాల్సి వస్తే డీఎన్ఎస్ రిజిస్ట్రీ కోసం, రిజిస్ట్రీని చేరడం డీఎన్ఎస్ కోసం ఎదురుచూస్తూ రెండూ అక్కడే ఉండిపోతాయి. డీఎన్ఎస్‌ను, రిజిస్ట్రీని క్లస్టర్‌కు బయట, మామూలు సర్వీసులుగా నడపడమే దీనికి విరుగుడు.

మరి ఏ పేరు పెట్టాలి? నోటికొచ్చిన పేరు పెట్టుకుంటే ఏమవుతుందో 'డాట్ డెవ్' ఉదంతం చెబుతుంది. ఎంతోమంది తమ లోపలి పరీక్షా యంత్రాలకు 'డాట్ డెవ్' తగిలించుకున్నారు. ఆ తోక గూగుల్ చేతికి వెళ్లింది, 2017 డిసెంబరులో క్రోమ్ కొత్త వెర్షన్ ఆ తోకతో ఉన్న ప్రతి పేరునూ హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరుస్తానని పట్టుబట్టింది. సొంత గదిలోని యంత్రాలు ఉన్నట్టుండి తెరుచుకోకుండా పోయాయి. తమది కాని పేరు మీద కట్టుకున్నందుకు వచ్చిన నష్టం అది. 2024 జూలైలో, ఇంటర్నెట్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ 'డాట్ ఇంటర్నల్' అనే తోకను లోపలి వాడకానికే శాశ్వతంగా కేటాయించింది, బయట ఎవరికీ అమ్మదు. అది భద్రమైన ఎంపికే. కానీ ఎవరికీ చెందని పేరుకు పబ్లిక్ సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వవు. మనమే సర్టిఫికెట్ తయారుచేసుకుని ప్రతి సర్వర్‌కూ దాని మీద నమ్మకం కలిగేలా అమర్చాలి. పెద్ద సంస్థకు అది కష్టం కాదు, చిన్న ఆఫీసుకు మాత్రం అదొక తలనొప్పి. నా ఓటు మరో దారికి. కంపెనీకి వెబ్‌సైట్ కోసం కొన్న డొమైన్ ఎలాగూ ఉంటుంది. దాని కింద ఒక ఉపపేరు తీసుకుని, దాని అంకె లోపలి డీఎన్ఎస్‌లో మాత్రమే చెప్పాలి. డొమైన్ మనదే కాబట్టి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థ నుంచి, రిజిస్ట్రీని బయటికి తెరవకుండానే, డీఎన్ఎస్ రుజువుతో ఉచితంగా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. ఇలా ఇచ్చిన సర్టిఫికెట్ల పేర్లు బహిరంగ చిట్టాల్లో కనిపిస్తాయి, కాబట్టి ఆ పేర్లలో రహస్యాలేవీ ఉండకూడదు. ఆ సర్టిఫికెట్ గడువు తీరేలోగా మళ్లీ తెచ్చుకోవడానికి నెట్ కావాలన్నదీ నిజమే. అయితే నెలలపాటు చెల్లుతుంది, నాలుగు రోజుల నెట్ కోతకు చెక్కుచెదరదు.

దీనికి వచ్చే పెద్ద అభ్యంతరం డీఎన్ఎస్ మీదే. అది పడిపోతే అన్నీ పడిపోతాయి కదా అంటారు. అవును, పడిపోతాయి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు కనుమరుగైంది. వారి నెట్‌వర్క్ దారులు తెగి డీఎన్ఎస్ సర్వర్లు ప్రపంచానికి అందకుండా పోయాయి, మరమ్మతు చేసే లోపలి పరికరాలూ అదే దెబ్బకు మూగబోయాయి. 2025 అక్టోబరులో అమెజాన్ వర్జీనియా కేంద్రంలో ఒక డేటాబేస్ సేవ చిరునామా డీఎన్ఎస్‌లో ఖాళీ అయిపోయి ఎన్నో కంపెనీల పని నిలిచింది. ఇంత పెద్దవాళ్లకే తప్పలేదంటే మనకు తప్పుతుందా? నిజమే, కానీ ఈ ఉదంతాలు డీఎన్ఎస్ వద్దని చెప్పడం లేదు. డీఎన్ఎస్ ఎలాగూ ఉంటుంది, మనది కాకపోతే మరొకరిది. మనదైతే రెండు సర్వర్లు పెట్టుకోవచ్చు, రెండింటినీ వేర్వేరు చోట్ల ఉంచుకోవచ్చు. సూరత్‌లో ఈ 'వేర్వేరు చోట్ల' అన్న మాటకు చాలా బరువుంది. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో తాపీ పొంగి నగరంలో అధికభాగం మునిగింది. 2025 ఫిబ్రవరిలో రింగ్ రోడ్డు శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్ మంటల్లో వందల దుకాణాలు కాలిపోయాయి. సర్వర్ గదిని కింది అంతస్తులో పెట్టకూడదని, రెండో ప్రతిని అదే భవనంలో ఉంచకూడదని ఈ ఊరికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండో రిజిస్ట్రీ నగరంలోని వేసు ప్రాంతం వైపు ఒక ఆఫీసులో ఉందనుకుందాం. మొదటిది పోయిన క్షణాన డీఎన్ఎస్‌లో ఒక అంకె మారుస్తాం, సర్వర్లన్నీ అదే పేరుతో రెండోదాన్ని చేరుకుంటాయి. అంకెలు రాసుకున్నవాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

సూరత్‌కు ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1994 ప్లేగు తర్వాత, 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు, అంటే ఎస్.ఆర్.రావు, నగరాన్ని ఆరు జోన్లు చేసి, నిర్ణయాధికారాన్ని ఆ జోన్ల అధికారులకు పంచారు. చెత్త ఎక్కడ ఉందో అక్కడే దాని మీద నిర్ణయం తీసుకోగల మనిషి ఉండాలన్నది ఆ సంస్కరణ సారం. దేశంలోనే మురికి ఊరుగా పేరుపడ్డ నగరం ఆ పద్ధతితోనే కోలుకుంది. పని జరిగేచోటే దానికి కావలసిన అధికారమూ ఉండాలన్న సూత్రం సర్వర్లకూ అంతే వర్తిస్తుంది.

ఇదంతా పెద్ద కంపెనీల వ్యవహారం, ఇరవై మగ్గాలవాడికీ పాతిక పడకల ఆసుపత్రికీ ఎందుకు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. వాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్‌ను బ్రౌజర్‌లోనే, ఎవరో నడిపే సేవగా వాడుకుంటారు. వాళ్లకు ఇది అక్కర్లేదు. మీ ఇమేజ్‌లు ఎక్కడినుంచి వస్తాయని తమ సాఫ్ట్‌వేర్ కంపెనీని అడిగితే చాలు. సొంత సర్వర్ మీద కంటెయినర్లు నడిపేవారికి మాత్రం ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. డాకర్ హబ్ నుంచి ఒకసారి తెచ్చిన ఇమేజ్‌ను దాచిపెట్టుకుని మళ్లీ అడిగినవారికి అక్కడినుంచే ఇచ్చేలా రిజిస్ట్రీని అమర్చవచ్చు, దానికి ఒక మోస్తరు యంత్రం, సరిపడా డిస్కు చాలు. ఆఫీసులో విండోస్ సర్వర్ ఉంటే డీఎన్ఎస్ అందులో ఇప్పటికే ఉండే ఉంటుంది. క్లౌడ్‌వాళ్లు ప్రైవేట్ రిజిస్ట్రీ ఇస్తున్నారు కదా, అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే కేంద్రం తెరిచింది కదా అంటే, సర్వర్లన్నీ ఆ క్లౌడ్‌లోనే ఉన్నవాళ్లకు అదే మంచి దారి. సర్వర్ సూరత్ ఉధ్నాలోనూ ఇమేజ్ హైదరాబాద్‌లోనూ ఉంటే మధ్యలో ఇంటర్నెట్ ఉందన్నది మరవకూడదు.

నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచే అభ్యంతరం వేరే ఉంది. లోపల దాచుకున్న ఇమేజ్‌లు పాతబడతాయి. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు, తమ ఇమేజ్‌లలో ఎక్కడెక్కడ ఆ ముక్క ఉందో తెలియక ఎన్నో సంస్థలు తలలు పట్టుకున్నాయి. సొంత గోదాము ఉన్నవాడు దాని శుభ్రతకూ జవాబుదారీ అవుతాడు, ఇందులో తప్పించుకునే దారి లేదు. కానీ గోదాము ఒక్కటే అయితే వెతకాల్సిన చోటూ ఒక్కటే అవుతుంది. హార్బర్ తనలోకి వచ్చిన ప్రతి ఇమేజ్‌నూ ట్రివీ అనే స్కానర్‌తో తనిఖీ చేయించగలదు, తీవ్రమైన లోపమున్నదాన్ని ఎవరికీ ఇవ్వకుండా ఆపగలదు. ఇంటర్నెట్ నుంచి ఎవరికి తోచింది వారు నేరుగా తెచ్చుకునే ఆఫీసులో ఈ తనిఖీకి చోటే లేదు. నెలకోసారైనా ఇమేజ్‌లను కొత్తగా కట్టే మనిషి దొరకని సంస్థ సొంత రిజిస్ట్రీ పెట్టుకోకపోవడమే మేలని కూడా ఒప్పుకుంటాను.

లింబాయత్ వైపు మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలెన్నో సూరత్‌లో ఉన్నాయి. నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఆ ఇళ్ల నుంచి కంప్యూటర్ పనుల్లోకి వస్తున్న పిల్లలకు, వాళ్లను పనిలో పెట్టుకునే యజమానులకు ఒక మనవి. ఈ వారంలో ఒక గంట తీరిక చేసుకుని మీ సర్వర్ ఫైళ్లలో ప్రతి ఇమేజ్ పేరుకు ముందు ఏ చిరునామా ఉందో చూడండి. ఏమీ లేకపోతే అది డాకర్ హబ్. అంకెలుంటే అది రేపు మారబోయే యంత్రం. మీ డొమైన్ పేరుంటే, పని తక్కువగా ఉండే ఒక ఆదివారం పూట ఇంటర్నెట్ తీగ తీసేసి, ఒక సర్వర్‌లోని ఇమేజ్‌లు చెరిపి, మళ్లీ లేపి చూడండి.